కొంగు దులపని ఆదివారం

వేటపాలెం,
ఆదివారం, మధ్యాహ్నం భోజనమయ్యాక.

అక్కకు,

తమ్ముడు కోటయ్య నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ, మొన్న ఈనిన గేదే, అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. తలుచుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. ఫోనులో నువ్వు "తిన్నావా, నిద్రపడతందా, సరే ఉంటా" అని మూడు ముక్కలు అరిచి పెట్టేస్తావు. నీకు చెవులు మందగించాయి, నాకు నోరు ఆగదు. ఈ రెండు జబ్బులకీ ఉత్తరం ఒక్కటే మందు. కళ్ళజోడు పెట్టుకుని, పొయ్యి మీద ఏమీ లేకుండా చూసుకుని చదువు. ఇది పెద్ద ఉత్తరం.

కళ్ళంలో మిరపకాయలు ఆరాయా? మొన్న ఇక్కడ మబ్బు పడితే నా గుండె దడదడలాడింది. నాకు కళ్ళమూ లేదు, కాయా లేదు. అయినా ఇన్నేళ్ళు సత్తెనపల్లి పక్కన బతికినవాడికి మాఘమాసంలో మబ్బు కనబడితే, పట్టలు కప్పారో లేదో అని కంగారు పుట్టక మానదు. పండుమిరపకాయలు దొరికితే కొరివికారం ఒక సీసా నూరి ఉంచు. ఇక్కడి కారం ఎర్రగా కనబడుతుంది, అంతే. అటునుంచి ఎవరైనా వస్తుంటే పంపు.

నువ్వు ఆమధ్య అన్న మాటకు ముందు జవాబు చెబుతాను. "ముసలోడివై జీడిపప్పు కంపెనీ గేటు ముందు స్టూలేసుకుని కూర్చున్నావంట, ఇక్కడ నీకేం తక్కువైందిరా, వచ్చెయ్" అన్నావు. ఏదో తక్కువై రాలేదక్కా. మా పత్తి జిన్నింగు మిల్లు మూతపడింది, నీ మరదలు సరోజిని పోయింది. ఒక సైరనూ లేక, కసిరే మనిషీ లేక నాకు పొద్దు గడవలేదు. ఇక్కడ సైరను లేదు గానీ గంట ఉంది. దాన్ని కొట్టేది నేనే. పొద్దున ఎనిమిదింటికి నేను కొడితే ముప్పైమంది ఆడవాళ్ళు పనిలో కూర్చుంటారు, సాయంత్రం నేను కొడితే లేస్తారు. యూనియన్‌లో ఉన్నన్నాళ్ళూ గొంతు చించుకున్నా నా మాట ఇంతమంది వినలేదు.

గది గేటు పక్కనే. గాలిలో ఉప్పు. తాళం తుప్పు పట్టింది, మోకాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. చేపలకు మాత్రం లోటు లేదు, పులుసు పెట్టడం నేర్చుకున్నాను. నువ్వు పెట్టినట్టు ఉండదు, కానీ చేప ఫిర్యాదు చేయదు. మొదటి రెండు నెలలూ ఒంటరితనం బాధించింది, అబద్ధమెందుకు? పలకరించేవాళ్ళు లేక గేటుతో మాట్లాడేవాణ్ణి. అది కిర్రుమనేది. ఆ తర్వాత ఇక్కడి పాత గ్రంథాలయం దారి దొరికింది. ఇక నా గురించి దిగులు పెట్టుకోకు. అయిదో తరగతితో ఆగిపోయినవాడికి ఎంత పెద్ద బీరువా కనబడితే అంత సంతోషం.

అయితే పోయిన నెలలో ఈ ఉద్యోగం ఊడినంత పనైంది. ట్రంకుపెట్టె కూడా సర్దాను. నువ్వు హడలిపోతావని ఫోనులో చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. అందులో నేను నీకు ఎన్నో ఏళ్ళుగా చెప్పకుండా ఉండిపోయిన జవాబు కూడా ఉంది.

నీకు జ్ఞాపకముందా, ఒకరోజు మా యూనియన్ ఆఫీసుకు నాకు అన్నం క్యారేజీ తెచ్చావు. గోడ మీద పక్కపక్కన రెండు ఫోటోలుండేవి. ఒకాయన జర్మనీ, ఒకాయన బెంగాలీ కవి. ఇద్దరికీ గుండెల మీదికి దిగిన గడ్డాలు. నువ్వు తలెత్తి చూసి, "వీళ్ళిద్దరూ అన్నదమ్ములా?" అని అడిగావు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నువ్వు క్యారేజీ బల్లమీద పెట్టి, మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయావు. ఆ తర్వాత నువ్వు ఆ మెట్లెక్కలేదు.

ఆ ముచ్చట అక్కడుంచి ఇక్కడి పని సంగతి చెబుతాను. కాల్చిన జీడిగింజలను పగలగొట్టేవాళ్ళు కొందరు, పప్పు మీది పొట్టు చిన్న చాకుతో గీసేవాళ్ళు కొందరు. పప్పు విరగకుండా గుండుగా రావాలి, అదీ పనితనం. మిరపకాయల తొడాలు తీసిన నీ చేతులు రెండు రోజులు మండి ఊరుకునేవి. ఈ జీడి నూనె అట్లా ఊరుకోదు. చర్మం నల్లగా కాలి పొలుసులు లేస్తుంది. బూడిద రాసుకుంటారు, ఆముదం రాసుకుంటారు, అయినా ఆ చేతులు చూస్తే ఎవరి పని ఏదో తెలిసిపోతుంది.

యజమాని శ్రీహరిగారు. నలభై ఏళ్ళవాడు, చెడ్డవాడు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ అట్లాంటి గుండ్లు నాలుగు వేసుకుని, కనబడిన ప్రతివాడికీ తీసి చూపించి, "చూడండి, పాలమీగడలా లేదూ" అంటారు. వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఇక్కడ ఒక పద్ధతి ఉంది. సాయంత్రం గంట కొట్టాక ఆడవాళ్ళు గేటు దగ్గర వరుసగా నిలబడాలి. ఒక్కొక్కరే వచ్చి, క్యారేజీ మూత తీసి చూపించి, కొంగు రెండుసార్లు దులిపి వెళ్ళాలి. అది చూడడం గేటు మనిషి ఉద్యోగం. అంటే నాది.

ఎర్రజెండా కింద ముసలివాణ్ణైనవాణ్ణి, ఆడవాళ్ళ కొంగులకు కాపలా కాశానక్కా. చూసేవాణ్ణి కాదు, చూసినట్టు నటించేవాణ్ణి. అదే పెద్ద ఉపకారమనుకునేవాణ్ణి. ఆదెమ్మ అని ఒకావిడ ఉంది, నాలుకకు ఆముదం రాయడం మర్చిపోయిన మనిషి. రోజూ క్యారేజీ నా ముక్కు కిందికి తెచ్చేది.

"చూడు తాతా, సరిగ్గా చూడు. వంకాయ కూరలో ఎన్ని ముక్కలు మిగిలాయో కూడా రాసుకో."

నవ్వి పంపించేవాణ్ణి. నవ్వొస్తే నొప్పి లేదనుకుంటాం కదా.

ఒక ఆదివారం గ్రంథాలయానికి వెళుతున్నాను. దారిలో చర్చి. ప్రార్థన అయిపోయి అందరూ బయటికొస్తున్నారు. పాస్టరుగారు గేటు దగ్గర నిలబడి పలకరిస్తున్నారు. మా కంపెనీలో పనిచేసే సువార్త వచ్చింది. అందరిలోకి నెమ్మదైన పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. తెల్లచీర, చంకలో బైబిలు. గేటు దాకా వచ్చి ఆగింది. బైబిలు ఎడమచేతిలోకి మార్చుకుంది. కుడిచేత్తో కొంగు పట్టుకుని రెండుసార్లు దులిపింది. దులిపి, వెళ్ళమని ఎవరో తలూపాలన్నట్టు నిలబడిపోయింది.

"ఏంటమ్మా, పురుగేమైనా పడిందా?" అన్నారు పాస్టరుగారు.

వెనక ఉన్న ఆడవాళ్ళకు అర్థమై కిసుక్కున నవ్వారు. తనూ నవ్వింది. నవ్వుతూ రోడ్డుకవతల నన్ను చూసింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను దగ్గరికి వెళ్ళాను.

"గేటు కనబడితే చెయ్యి దానంతటదే లేస్తంది తాతా," అంది. "మా ఇంటికి గేటు లేదు కాబట్టి సరిపోయింది."

గ్రంథాలయంలో పుస్తకం తెరిచాను గానీ అక్షరం ముందుకు కదల్లేదు. తెరిచింది ఆ బెంగాలీ కవి పుస్తకమే, తెలుగులో. ఆయన చెప్పేది నాకర్థమైనంతలో ఇది. స్వేచ్ఛ ఎవరో తెచ్చి మన చేతిలో పెట్టే వస్తువు కాదు. దొరలు పోయినా, మనిషి లోపల బెదురు మిగిలితే దొర ఇంకా పోనట్టే. పైగా ఒక్కడే కూర్చుని నేను స్వేచ్ఛగా ఉన్నాననుకోవడం ఉత్తమాట. పదిమందితో కలిసి ఇష్టంగా ఒక పని చేస్తున్నప్పుడు గానీ అది ఉందని తెలియదు. జర్మనీ ఆయన చెప్పేదేమంటే, ఆ బెదురు ఊరికే పుట్టలేదు. గేటు ఎవరిది, పనిముట్టు ఎవరిది, రేపటి అన్నం ఎవరి చేతిలో ఉంది, అక్కడ పుట్టింది. అది మార్చకుండా ధైర్యంగా ఉండమనడం, ఈత రానివాణ్ణి కాలవలోకి తోసి భయపడకు అనడంలాంటిది.

యూనియన్ రోజుల్లో మాకు జర్మనీ ఆయన మాటే మాట. కవిగారిని కలవారింటి బిడ్డ, ఆయన స్వేచ్ఛ కడుపు నిండినవాళ్ళ స్వేచ్ఛ అని తోసేసేవాళ్ళం. ఫోటో మాత్రం తీయలేదు, మేకు పీకితే గోడ పెచ్చు ఊడుతుందని. మాకూ ఆయనకూ అసలు పేచీ ఇంకోచోట ఉంది. మంచి కోసమైనా సరే, మనిషిని మెడబట్టి నడిపించడం ఆయనకు గిట్టదు. మాకేమో క్రమశిక్షణ ముఖ్యం. ఊరేగింపుకు రానన్నవాళ్ళను నేనే ఎందరిని ఇంట్లోంచి లాక్కొచ్చానో. బావగారిని అడుగు, ఒకసారి ఆయన్ని అన్నం ముందు నుంచి లేపాను.

సువార్త చెయ్యి చూశాక ఆ పేచీ నాకు చిన్నదైపోయింది. కొంగు దులపమన్నది కంపెనీ గేటు. అది జర్మనీ ఆయన లెక్క. కానీ గేటు లేనిచోట కూడా చెయ్యి లేచింది. అది కవిగారి లెక్క. ఒకే చెయ్యి, ఒకే కొంగు.

ఇక ఆగలేకపోయాను. సోమవారం సాయంత్రం గంట కొట్టి, గేటు రెండు తలుపులూ బార్లా తీసి, "వెళ్ళండమ్మా, ఇవాళ్టి నుంచి చూడను" అన్నాను. లోపల నాకెంత గర్వమో చెప్పలేను.

ఒక్కరూ కదల్లేదు.

"ఎందుకు చూడవ్?" అంది ఆదెమ్మ.

"మీరు దొంగలు కాదు కాబట్టి."

"అది నీకు తెలుసు. ఓనరుగారికి తెలుసా? రేపు గుండ్లు తగ్గితే ఎవర్నంటారు? నిన్నంటారా, మమ్మల్నంటారా? దులిపితేనే తాతా మేం దొరసానులం. నువ్వు పుస్తకం చదివి గేటు తీస్తావ్, మాట పడేది మేం."

అని నా ముందుకొచ్చి కావాలని నాలుగుసార్లు దులిపింది. తర్వాత ముప్పైమందీ వరుసగా దులిపారు. నేను మొహం తిప్పుకుంటే, "ఇటు చూడు తాతా, తర్వాత చూడలేదంటావు" అని పిలిచి మరీ దులిపారు. నా ఉద్యోగంలో అంత సక్రమంగా తనిఖీ జరిగిన రోజు ఇంకొకటి లేదు.

ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. గోడ మీది గడ్డాలిద్దరూ చెరో చెవీ మెలిపెట్టినట్టుంది. స్వేచ్ఛ ఇచ్చేదానికి నువ్వెవడివిరా అని ఒకాయన. గేటు ఎవరిదో మార్చకుండా తలుపులు తీస్తే ఏమొచ్చిందిరా అని రెండో ఆయన.

మర్నాడు అన్నాల దగ్గర నేను దూరంగా కూర్చున్నాను. సువార్త తన క్యారేజీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. మూత తీసి ముద్ద కలుపుకుంది. తర్వాత అంది:

"మేమే ఎందుకు దులపాలి తాతా? ఈ గేట్లోంచి పోయేవాళ్ళందరూ దులిపితే అప్పుడది అనుమానం కాదు గదా, పద్ధతి."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ. ఓనరుగారు గేట్లోంచి పోరా, గోడ దూకి పోతారా?"

ఆదెమ్మ చేతిలో ముద్ద ఆగింది. "ఓసినీ! నోట్లో నాలుక లేదనుకున్నామే!" అంది.

నేను హుషారుగా లేచి, ఓనరుగారితో మాట్లాడతానన్నాను. ఆదెమ్మ నన్ను కూర్చోమంది. "నువ్వు వద్దు. నువ్వు చెబితే పుస్తకం వాసనొస్తది. మేం చెబుతాం. నువ్వు గేటు మూసుంచు, చాలు."

గేటు మూసి ఉంచాను. ఈ కథలో నేను చేసిన ఘనకార్యం అంతే.

సాయంత్రం గంట అయ్యాక శ్రీహరిగారి కారు ఇంటికి పోవడానికి లోపలినుంచి గేటు దగ్గరికి వచ్చింది. హారను కొట్టారు. నేను గడియ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అద్దం దించి, "కోటయ్యగారూ, గేటు!" అన్నారు. నాకు భయమేసింది. నీ దగ్గర దాపరికమెందుకు? మిల్లు సమ్మెలో పోలీసులను చూసినప్పుడు కూడా అంత భయపడలేదు. అప్పుడు నా వెనక జనం ఉండేవారు. ఇప్పుడు జనం నా ఎదురుగా ఉన్నారు, వెనక ఉన్నది గేటొక్కటే.

"తీస్తానండి. ఇవాళ వరసలో మీరే మొదట," అన్నాను.

"ఏం వరస?"

సువార్త ముందుకొచ్చింది. గొంతు చిన్నదే గానీ మాట తడబడలేదు. "దులిపి వెళ్ళండి ఓనరుగారూ. మేమూ దులుపుతాం. అందరం దులిపితే మాకు బాధ లేదు."

ఆయన కారు దిగారు. మొహం ఎర్రబడింది. "నా కంపెనీలో నా పప్పు నేనే దొంగిలిస్తానా?"

"మా చేతుల్లో తయారైన పప్పేనండి," అంది సువార్త. నల్లగా కాలిన రెండు చేతులూ ముందుకు చాపింది. "మేం మాత్రం ఎందుకు దొంగిలిస్తాం?"

ఆయన ఆ చేతుల వంక చూశారు. తర్వాత నా వంక చూశారు, గడియ మీద నా చెయ్యి అట్లాగే ఉంది. "సరే, ఏం దులపమంటారు? ఇదా? ఇదిగో!" అని కోపంగా చొక్కా జేబులోంచి రుమాలు లాగి ఒక్క విదిలింపు విదిలించారు.

నాలుగు గుండ్లు టపటపా నేల మీద పడ్డాయి.

అక్కా, ఆ నవ్వు నీకు వినిపించి ఉండాలి. మీ ఊరి దాకా వచ్చి ఉండాలి. ఆదెమ్మ వంగి ఒక్కొక్కటే ఏరి, ఊది, ఆయన చేతిలో పెట్టింది. "పాలమీగడలా ఉన్నాయండి," అంది. ఆయన పెదవి కూడా ఒక పక్కకు వంగింది. గుండ్లు మళ్ళీ జేబులో వేసుకున్నారు. కారెక్కారు. నేను గేటు తీశాను.

ఆ తర్వాత రెండు రోజులు ఆయన కంపెనీకి రాలేదు. నేను ట్రంకుపెట్టె సర్దుకున్నాను. సువార్త మొహం చూడలేకపోయాను. నా పని పోతే నీ ఇంటి అరుగుంది. ఆ పిల్లకేముంది? చేతులు కాల్చుకునే పని కూడా లేకపోతే ఇద్దరు బిడ్డలతో ఎక్కడికి పోతుంది? "నా వల్ల వచ్చిందమ్మా" అన్నాను. "నీ వల్ల ఏమీ రాలేదులే తాతా, అంత పెద్దరికం తెచ్చుకోకు" అంది. ఈ ఊళ్ళో నాకు చదువు చెప్పేవాళ్ళు ఎక్కువైపోయారు.

మూడో రోజు శ్రీహరిగారు వచ్చి, నన్ను పిలవకుండా నేరుగా ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళారు. గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

"దులపడం మానేద్దాం," అన్నారు. "మరి పప్పు తగ్గితే?"

"పొద్దున తూచి ఇచ్చేటప్పుడు, సాయంత్రం తూచి తీసుకునేటప్పుడు మాలో ఒకరం కాటా దగ్గరుంటాం," అంది సువార్త. "రోజుకొకరం. తగ్గితే ఎక్కడ తగ్గిందో అందరం కలిసి చూద్దాం. మీతో సహా."

ఆయన కాటా వంక చూసి, "ఒక్క నెల చూస్తాను," అన్నారు. వెళుతూ వెళుతూ నా దగ్గర ఆగి, "కోటయ్యగారూ, ఇంకోసారి నా కారు ఆపేముందు చెప్పండి, జేబు ఖాళీ చేసుకొస్తాను" అన్నారు. అంటే ఉద్యోగం ఉందని నేను అర్థం చేసుకున్నాను. ట్రంకుపెట్టె విప్పాను.

మూడు వారాలు గడిచాయి. పప్పు తగ్గలేదు. పైగా కాటా దగ్గర తన వంతు వచ్చిన రోజు ఒక్కొక్కరూ దుకాణం తెరిచిన సెట్టిగారిలా నిలబడుతున్నారు. నెల తర్వాత ఏమవుతుందంటావా? మళ్ళీ దులపమనడం ఆయనకు అంత సులువు కాదు. ఇది నా నమ్మకం. కంపెనీ ఆయనదే, గేటు ఆయనదే. లోకం మారిపోయిందని నేను రాయడం లేదు. కాటా దగ్గర ఒక మనిషి మారింది, అంతవరకే రాస్తున్నాను.

ఇవాళ పొద్దున చర్చి వదిలే వేళకు కావాలనే అటు వెళ్ళి, రోడ్డుకవతల నిలబడ్డాను. సువార్త వచ్చింది. గేటు దగ్గర ఆగింది. బైబిలు ఎడమచేతిలోకి మారింది. కుడిచెయ్యి కొంగు దాకా వెళ్ళింది. ఆ చెయ్యి కొంగు పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, తీసుకెళ్ళి నడుములో దోపింది. దర్జాగా గేటు దాటి వచ్చి, నన్ను చూసి అరిచింది:

"ఏంది తాతా, ఇక్కడ కూడా కాపలానా?"

రోడ్డు మీద అందరూ నా వంక చూసి నవ్వారు. ఈసారి నవ్వులపాలైనది నేను. సంతోషంగా అయ్యాను. అప్పుడే నీకు ఉత్తరం రాయాలనిపించింది.

అక్కా, ఆరోజు నువ్వడిగిన దానికి జవాబు ఇది. అవును, అన్నదమ్ములే. ఆస్తి దగ్గర మాట పట్టింపు వచ్చి వేరుపడ్డారు, ఒకరి గడప ఒకరు తొక్కరు. కానీ ఒక ఇంటివాళ్ళే. గోడ మీద చూసి నువ్వు ఒక్క నిమిషంలో పోల్చుకున్నావు. పుస్తకాలన్నీ చదివి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆరోజు నవ్వినందుకు నన్ను క్షమించు. ఇది ఫోనులో చెప్పేది కాదు, అందుకే కాగితం మీద పెట్టాను.

ఇప్పుడప్పుడే ఇంటికి రాను, కోపగించుకోకు. వీలు చూసుకుని నువ్వే ఒకసారి రా. చేపల పులుసు పెడతాను, తిట్టుకుంటూ తిందువు గాని. సువార్తకూ ఆదెమ్మకూ నిన్ను చూపించాలి. అక్కడ నా ఇంటి అటక మీద, యూనియన్ రోజుల్లో నేను రాసుకున్న నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి ఉంటుంది, చెదలు పట్టకపోతే కొరివికారంతో పాటు పంపు. బావగారి పాదాలకు నమస్కారాలు, ఆయన్ని అన్నం ముందు నుంచి లేపిన పాపం కూడా అందులో కలిపి మన్నించమను. పిల్లలకు ఆశీస్సులు. నా నెత్తిన నీ చెయ్యి ఉన్నట్టే అనుకుని దీవించు, మిగతాది నేను చూసుకుంటాను.

నీ చేత క్యారేజీ మోయించుకుని నిన్ను నవ్వుల పాలు చేసిన
తమ్ముడు,
కోటయ్య

తా.క. ఈ కాగితాలు మడవబోతూ రెండుసార్లు దులిపాను. అది చూసుకుని, మళ్ళీ విప్పి ఈ ముక్క రాస్తున్నాను. నా చేతికి ఇంకా కొన్నాళ్ళు పట్టేట్టుంది.